ఒకనాటి కొండనడకకు వెంట నుండవలసిన మూట

ఉదయమున బయలుదేరి ప్రొద్దుగ్రుంకకముందే ఇల్లు చేరుదుమను ధైర్యముతో కొండకు పోవువారు సామాన్యముగా వెంట గొనిపోవునవి రెండే వస్తువులు: ఒక నీళ్ల సీసా, ఒక ఫోను. పదిదినముల యాత్రకు పోవువాడు జాబితా వ్రాసికొనును. మందులు, దుప్పట్లు, దీపము సమకూర్చుకొనును. ఒకపూట నడకకు పోవువాడు జాబితా వ్రాసికొనడు. అందుచే ఆపద సంభవించినపుడు చేతిలో ఏమియు లేక చిక్కువాడు ఈ రెండవవాడే.

2022 ఫిబ్రవరిలో కేరళరాష్ట్రము, పాలక్కాడు జిల్లా, మలంపుళ సమీపమునగల కురుంబాచ్చి కొండకు కొందఱు స్నేహితులు నడచిపోయిరి. వారిలో ఒక యువకుడు జారిపడి, నిలువైన కొండ చరియ మధ్యనున్న చిన్న చీలికలో చిక్కుకొనెను. పైకి ఎక్కుటకుగాని క్రిందికి దిగుటకుగాని వీలులేని ఆ చోట అతడు నలువది గంటలకు పైగా, రెండు రాత్రులు, నీరును ఆహారమును లేక గడపెను. తుదకు భారత సైనికులు త్రాళ్లతో దిగి అతనిని చేరి, మొదట నీరిచ్చి, పిదప పైకి తీసికొనివచ్చిరి. ఆ యువకుడు ఇల్లు వెడలినది కొన్ని గంటల నడక కొఱకే. అతని నడుమున ఒక సీసా నీరు, మెడలో ఒక ఈల ఉండినచో ఆ రెండు రాత్రులు ఎట్లుండెడివో పాఠకులే ఊహింపగలరు.

మన దేశమున ఇట్టి నడకలకు కొదువ లేదు. తిరుమల కేగు అలిపిరి మెట్లదారి, అహోబిలమున జ్వాలా నరసింహుని సన్నిధికి పోవు రాళ్లబాట, నల్లమల లోయలోని సలేశ్వరము, సహ్యాద్రిలోని పాత కోటలు, ధర్మశాల కెగువన సుమారు 2,800 మీటర్ల ఎత్తుననున్న త్రియుండ్, ఇవన్నియు ఒక పగటిలో పోయి రాదగినవే. కాని ఇవన్నియు ఒకే రకమైనవి కావు. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నను దారిపొడవున దీపములు, త్రాగునీరు, సాటి యాత్రికులు ఉందురు. సలేశ్వరమునకు చైత్ర పౌర్ణమి ప్రాంతమున కొలది దినములు మాత్రమే అనుమతి లభించును. అది వేసవి యెండ ముదురుచున్న కాలము, దారి రాళ్లతో నిండిన లోయ. ఒక చోట సరిపోయిన మూట మఱొక చోట చాలదు. మెట్లదారి సహితము అడవి గుండనే పోవునన్న మాట మఱవరాదు. 2023 ఆగస్టులో తిరుమల నడకదారిలో ఒక చిన్న బాలిక చిఱుతపులి వాత బడి మరణించెను. చీకటి పడుచుండగా పిల్లలను ముందు వెనుకల విడిచి నడచుట ఎచ్చటనైనను తగదు.

ఇంగ్లీషులో ‘హైకింగు’ అనుదానికి మనకు సరియైన ఒంటిమాట లేదు. పాదయాత్ర యనిన అర్థము మాఱిపోవును. విహారమనిన శ్రమ కనబడదు. కావున ఇందు ‘కొండనడక’ అనియే వ్రాయుచున్నాము. మాట లేకున్నను వస్తువు మనకు క్రొత్తది కాదు. మన పూర్వులు పొరుగూరికి పోవునపుడు సహితము చద్దిమూట, మరచెంబు, చేతికఱ్ఱ, భుజముపై కండువా లేనిదే గడప దాటెడివారు కారు. ఈ నాల్గింటిలో ప్రతిదానికిని నేటి వైద్యశాస్త్రము చెప్పగల కారణ మొకటి కలదు.

నీరు

మూటలో మిక్కిలి బరువైనదియు, మిక్కిలి అవసరమైనదియు నీరే. సాధారణమైన వాతావరణమున నడచువానికి గంటకు సుమారు అర లీటరు నీరు కావలయును. ఎండలో ఎగుడుదారిని ఎక్కునపుడు అది లీటరువఱకు పెరుగవచ్చును. ఆఱు గంటల నడకకు మూడు లీటర్లనగా మూడు కిలోల బరువు. ఈ బరువునకు వెఱచి ఒక్క సీసాతో బయలుదేరువారే ఎక్కువ. దారిలో ఊట యున్నదనియో, కొండపై దుకాణమున్నదనియో వినికిడి మాత్రమున నమ్మి నీరు తగ్గించుకొనరాదు. వర్షాకాలమున పాఱిన ఊట మాఘమాసమునకే ఎండిపోవుట మన కొండలలో సాధారణము.

నీటిని రెండు మూడు సీసాలలో పంచి పెట్టుకొనుట మంచిది. ఒకటి పగిలినను, జారి లోయలో పడినను, మిగిలినది ఉండును. సగము నీరు అయిపోయిన వెంటనే, శిఖరము కనుచూపుమేరలో నున్నను, వెనుకకు మఱలవలయును. ఈ నియమము పాటించుట కష్టము. శిఖరమునకు ఇంకను రెండు వందల గజములే యున్నవని స్నేహితులు తొందరపెట్టుచుండగా, సీసాను ఎత్తి చూచి ‘ఇక చాలు’ అనుటకు కొంత మనోబలము కావలయును. అయినను దిగుటకు సహితము నీరు కావలయునుగదా.

చెమటతో నీరు మాత్రమే కాక ఉప్పును పోవును. ఉప్పు లేని వట్టి నీటిని గంటల తరబడి అమితముగా త్రాగినచో రక్తములోని ఉప్పు పలుచబడి తలనొప్పి, వాంతి, తికమక కలుగును. ఒక్కొక్కపుడు ప్రాణాపాయము సహితము కలుగవచ్చును. కావున మూటలో రెండు ఓఆర్ఎస్ పొట్లములు తప్పక ఉండవలయును. ఈ చిన్న పొట్లము చరిత్ర మన దేశముతో ముడిపడినదే. 1971లో తూర్పు బెంగాలు నుండి వచ్చిన శరణార్థులతో నిండిన బనగావ్ శిబిరములలో కలరా ప్రబలి, సిరలోని కెక్కించు ద్రవము చాలక పోయినపుడు, డాక్టరు దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని రోగులచే త్రాగించి ఎందరి ప్రాణములనో నిలిపెను. ఆయన మరణానంతరము 2023లో ప్రభుత్వము ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించినది. నేటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రము ప్రకారము పొట్లము బరువు 20.5 గ్రాములు. దానిని పూర్తిగా ఒక లీటరు నీటిలో కలుపవలయును. సగము పొట్లము ఒక గ్లాసులో కలిపినచో ఉప్పు మితిమీఱి హాని చేయును. కలిపిన నీటిని ఇరువది నాలుగు గంటలు దాటి వాడరాదు. అదే పేరును పోలిన పేరుతో అంగళ్లలో దొరకు తీపి పానీయములు ఇందుకు పనికిరావు. పొట్లము దొరకనిచో ఒక లీటరు నీటిలో ఆఱు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండును తలకొట్టి సమముగా కొలిచి, కలుపుకొనవచ్చును.

దారిలోని నీరు త్రాగక తప్పనిచో, దానిని మొదట నాలుగు మడతల గుడ్డలో వడకట్టి, క్లోరిను మాత్ర వేసి, పొట్లముపై వ్రాసినంతసేపు, సాధారణముగా అర గంట, ఆగవలయును. తేటగా కనబడు నీరు శుభ్రమైన నీరని భ్రమపడరాదు. ఎగువన పశువులు దిగిన సంగతి దిగువనున్నవానికి తెలియదు.

చద్దిమూట

ఆహారము విషయమున ఎక్కువ చెప్పవలసినది లేదు; మన వంటయిండ్లే ఇందుకు గురువులు. పులిహోర ప్రయాణమునకు ఏల వాడుకలోనికి వచ్చెనో యోచింపుడు. చింతపండు పులుపు సూక్ష్మజీవులను సులభముగా పెరుగనీయదు. పప్పన్నము, కూరన్నము, పాలతో చేసినవి ఎండలో సంచిలో కొన్ని గంటలున్నచో చెడును. వేరుసెనగ బెల్లపు ఉండలు, వేయించిన సెనగలు, అటుకులు, నువ్వుండలు తేలికగా నుండి చాల శక్తి నిచ్చును. తినదలచినదానికంటె ఒక పూటకు సరిపడునంత ఎక్కువ పెట్టుకొని, ఆ అదనపు పొట్లమును ఇల్లు చేరువఱకు విప్పకుండుట మేలు. మధుమేహమునకు మందు తీసికొనువారు చక్కెర బిళ్లలనో, బెల్లపు ముక్కనో సంచిలో గాక జేబులో నుంచుకొనవలయును. అవసరమైనపుడు సంచి వెదకు ఓపిక వారికుండదు.

ఎండ, వాన, చలి

టోపీ, లేక తలపాగా, నిండు చేతుల చొక్కా, వదులైన నూలుబట్ట ఎండకు మేలు. కాని తడిసిన నూలుబట్ట ఒంటికంటుకొని వేడిని లాగివేయును. ఇది చాలమందికి తెలియని సంగతి. మన గొఱ్ఱెల కాపరులు వానలో గొంగడి కప్పుకొనుటకు కారణమిదే: ఉన్ని తడిసినను కొంత వెచ్చదనము నిలుపును. గొంగడి బరువు మోయలేనివారు ఒక పలుచని ఉన్ని స్వెట్టరును, వాన నాపు పై కోటును మూట అడుగున పెట్టుకొనవలయును. ఎత్తు వేయి మీటర్లు పెరిగిన ప్రతిసారి గాలి సుమారు ఆఱున్నర డిగ్రీల సెంటీగ్రేడు చల్లబడును. లంబసింగి వంటి మన మన్యపు గ్రామములలోనే చలికాలపు వేకువల ఉష్ణోగ్రత సున్న దరిదాపులకు దిగుట కలదు; హిమాలయముల మాట చెప్పనక్కఱలేదు. తడి, గాలి కలసినపుడు పదిపదునైదు డిగ్రీల చలి సహితము మనిషిని కూలద్రోయగలదు. వణకు, మాట తడబాటు, అడుగు తప్పుట కనబడినచో వెంటనే తడిబట్ట విప్పి, పొడిబట్ట కప్పి, గాలి సోకని చోట కూర్చుండబెట్టవలయును.

ఇందుకై ఒక పెద్ద పాలిథిను సంచి, అల్యూమినియపు పూతగల ఒక పలుచని దుప్పటి చాలును. రెండును కలిపి పిడికిలిలో ఇముడును. ఆ సంచిని పగలు మూట లోపల పఱచినచో వానలో బట్టలు తడియవు. రాత్రి నిలువవలసివచ్చినచో, ముఖమునకు రంధ్రము చేసి ఒంటిపై తొడుగుకొనవచ్చును.

ఉఱుము వినబడినచో శిఖరమును, గట్టు వీపును విడిచి దిగవలయును. ఒంటరి చెట్టు క్రింద నిలువరాదు. చివరి ఉఱుము తరువాత అర గంట గడచువఱకు మరల ఎక్కరాదు.

వడదెబ్బను గుర్తించుట మఱింత ముఖ్యము. ఒళ్లు కాలిపోవుచు, మనిషి తికమకగా మాటాడుచు, తూలుచున్నచో అది వట్టి అలసట కాదు. శరీరపు వేడి నలువది డిగ్రీల సెంటీగ్రేడు దాటిన స్థితి యది. నీడకు చేర్చి, ఒంటిపై నీరు చల్లి, విసరుచునే యుండవలయును. త్రాగుటకై దాచిన నీటిని ఒంటిపై పోయుటకు సంకోచింపరాదు. తెలివి తప్పినవాని నోట మాత్రము నీరు పోయరాదు.

దీపము, ఈల, ఫోను

సాయంకాలమునకే తిరిగివత్తుమను మాటపై నమ్మకముంచి దీపము వదలివేయుట అందఱును చేయు తప్పు. నుదుటికి కట్టుకొను చిన్న దీపము శ్రేష్ఠము. చేతులు రెండును ఖాళీగా నుండును. ఫోనులోని దీపము దీనికి బదులు కాజాలదు, ఏలయనగా ఆ విద్యుత్తు సహాయము పిలుచుటకు కావలయును.

ఈల వెల కొలది రూపాయలే. గొంతు కొంతసేపటికి బొంగురుపోవును, ఈల పోదు. నిమిషములో ఆఱు మారులు ఊది, ఒక నిమిషమాగి, మరల ఊదుట కొండలలో ఆపద సంకేతముగా అంతర్జాతీయముగా అంగీకరింపబడినది. పిల్లల మెడలో ఒక్కొక్క ఈల కట్టి, దారి తప్పినచో ఎటును తిరుగక ఒక చెట్టు నానుకొని నిలిచి ఊదవలయునని ఇంటివద్దనే నేర్పవలయును. నడచుచున్న పిల్లవానిని వెదకుటకంటె నిలిచియున్న పిల్లవానిని వెదకుట ఎంతయో సులభము.

ఫోనును నిండుగా నింపికొని, దారి పటమును ముందే దించుకొని, నడచుచున్నంతసేపు సంకేతములు వెదకకుండ అమర్చి యుంచవలయును. 112 దేశమంతటికి అత్యవసర సంఖ్య. మన రాష్ట్రములలో 108 అంబులెన్సు కలదు. మాట కలియని చోట ఒక్కొక్కపుడు సందేశము పోవును.

మందుల పొట్లము

ఇందు వైద్యశాల నింపనక్కఱలేదు. శుభ్రమైన గాజుగుడ్డ, అంటుకొను పట్టీలు, సాగు కట్టు ఒకటి, చిన్న కత్తెర, ముల్లు తీయు చిమటా, పిన్నీసులు, పారాసెటమాలు, దురద తగ్గించు సెటిరిజిను మాత్రలు చాలును. ఉబ్బసము గలవారు పీల్చు మందును, గుండెజబ్బు గలవారు వైద్యుడు వ్రాసిన మాత్రలను ఎవరివి వారే దగ్గఱ నుంచుకొనవలయును. స్త్రీలు నెలసరి గుడ్డలను మఱవరాదు. ఒక కాగితముపై పేరు, రక్తవర్గము, పడని మందులు, ఇంటివారి ఫోను సంఖ్య వ్రాసి ఇందే పెట్టవలయును.

కండువా గుఱించి ఒక మాట. తలకు చుట్టినచో ఎండ నాపును. తడిపి మెడపై వేసినచో చల్లబఱచును. మడచి నీరు వడకట్టవచ్చును. విఱిగిన చేయికి మెడ నుండి వ్రేలాడదీయవచ్చును. బెణికిన కాలికి కఱ్ఱ చేర్చి కట్టవచ్చును. ఇన్ని పనులు చేయు వస్తువు మఱొకటి మా యెఱుకలో లేదు.

పాముకాటు భయము అందఱికిని కలదు. మన దేశమున ఎక్కువ ప్రాణములు తీయునవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర. ఇందుకు మూటలో పెట్టవలసిన మందేదియు లేదు. విషమునకు విరుగుడు సూది ఆసుపత్రిలోనే ఈయవలయును. బ్లేడు, విషము పీల్చు గొట్టము గల పెట్టెలను కొనకుడు. కోయుట, పీల్చుట, త్రాటితో బిగించి కట్టుట, ఇవన్నియు మేలుకంటె కీడే చేయును. కాటు తగిలినవానిని కదలనీయక, ఉంగరములు, గాజులు, మెట్టెలు వాపు రాకముందే తీసి, కాటుపడిన అవయవమును కఱ్ఱకు కట్టి కదలకుండ చేసి, మోసికొని ఆసుపత్రికి చేర్పవలయును. నడిపింపరాదు. కాటు వేసిన సమయము గుర్తుంచుకొనుడు. పామును చంపి తీసికొనిపోవలసిన పని లేదు. చీలమండను కప్పు బూట్లు, చేతికఱ్ఱ, చీకటిలో దీపము, చూడనిదే రాళ్ల సందున చేయి పెట్టకుండుట, ఇవియే దీనికి మూటలోని మందులు.

కొండ చరియలకు వ్రేలాడు పెద్ద తేనెపట్టులను తక్కువగా ఎంచరాదు. వాని దాపున పొగ పెట్టుట, రాళ్లు విసరుట, అఱచుట ప్రాణముల మీదికి తెచ్చును. ఈగలు లేచినచో ముఖము కప్పుకొని దూరముగా పరుగెత్తుటయే గతి. పిదప ముండ్లను గోటితో గీకి వెంటనే తీసివేయవలయును. పెదవులు వాచి ఊపిరి ఆడనిచో అది అత్యవసరము, ఆలస్యము చేయరాదు.

నిప్పుపెట్టె విషయమున ఒక భేదాభిప్రాయము

అమెరికాలోని సియాటిల్ నగరపు పర్వతారోహకుల సంఘము 1930లలో ‘పది అవసర వస్తువుల’ జాబితాను కూర్చినది. దానినే నేడు అనేక దేశములవారు అనుసరింతురు. అందు పటము, దిక్సూచి, దీపము, ఆహారము, ఉడుపులు, మందులు, కత్తి మొదలగు వానితోపాటు అగ్గిపెట్టె కూడ కలదు. మంచు ప్రదేశములకు అది సరియే. కాని మాఘము దాటిన తరువాత దక్కను కొండలలోను, పడమటి కనుమలలోను మోకాలెత్తు పెరిగి ఎండిన గడ్డి నడుమ అగ్గిపెట్టె రక్షణ కాదు. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండలలో కార్చిచ్చు చెలరేగి, కొండనడకకు వచ్చినవారిలో ఇరువదిమందికి పైగా మరణించిరి. వేసవిలో మన పొడి అడవులకు పోవువారు అగ్గిపెట్టెను, బీడీకట్టను ఇంటనే విడిచి పోవలయునని మా నిశ్చితాభిప్రాయము. చలికై ఆ పలుచని దుప్పటి చాలును.

ఎండిన గడ్డి గల కాలమున నైలాను ఉడుపులును మంచివి కావు. అవి కరగి చర్మమున కంటుకొనును. పొగ కనబడినచో పైకి ఎక్కరాదు, నిప్పు ఎగువకే వేగముగా ప్రాకును. గడ్డి లేని బండనేలను గాని, ఇదివఱకే కాలిన నేలను గాని వెదకవలయును. అటవీశాఖవారు దారి మూసిన దినములలో దొంగదారిని పోవువారిని వెదకుటకు ఎవరికిని వారెచట నున్నదియు తెలియదు. అనుమతి పత్రమునకు గల అసలు విలువ అదియే. అట్లే ఏ దారిని పోవుచున్నారో, ఎన్ని గంటలకు రాగలరో, రానిచో ఎవరికి తెలుపవలయునో ఇంట ఒకరికి వ్రాసి యీయవలయును.

తిరిగివచ్చిన పిదప

బట్టలు విప్పి, తొడల సందున, చంకలలో, చెవుల వెనుక గోమార్లు అంటుకొన్నవేమో చూడవలయును. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో గుర్తింపబడిన కోతి జ్వరము ఈ గోమార్లవలననే వ్యాపించును. కాటు పడిన మూడు మొదలు ఎనిమిది దినములలో అది కనబడును. పొదలలోని కంటికి కనబడని పురుగులు కఱచుటచే స్క్రబ్ టైఫస్ అను జ్వరము రావచ్చును. దానికి సుమారు పది దినములు పట్టును. కఱచినచోట ఒక్కొక్కపుడు నల్లని పక్కు కట్టును. ఇది తగిన మందుతో సులభముగా నయమగును, కాని ఆలస్యమైనచో ప్రమాదకరము. మన్యమునకు పోయివచ్చినవారికి మలేరియాయు రావచ్చును. నడకకు పోయివచ్చిన మూడు వారములలోపల జ్వరము వచ్చినచో, వైద్యుడు అడుగకున్నను, ఏ అడవికి ఏ దినమున పోయితిరో ముందుగా ఆయనకు తెలుపుడు. మలేరియా కనబడుటకు ఒక్కొక్కపుడు ఇంకను ఎక్కువ కాలము పట్టును గనుక, ఆ గడువు దాటిన తరువాత వచ్చిన జ్వరము విషయమునను ఆ మాట మఱువకుడు.